బొమ్మలు రాకే వీడియోలు తీస్తారా? ఒక ప్రింట్‌మేకర్ చెప్పే అపోహలు, వాస్తవాలు

నేను చదువుకున్నది ప్రింట్‌మేకింగ్. అందులోనూ ఎచింగ్: జింకు రేకు మీద గీత గీసి, ఆసిడ్‌తో తినిపించి, కాగితం మీదికి దింపే పని. తర్వాత వీడియో చేశాను, మట్టితో చేశాను, ఒకసారి పాత చీరలతో గదంతా నింపాను. ఇలా చోటునే కళగా మలిస్తే ఇన్‌స్టలేషన్ అంటారు. షోలో అయినా పెళ్లిలో అయినా నాకు ఎదురయ్యే ప్రశ్నలు మాత్రం మారలేదు.

అపోహ: బొమ్మ గీయడం చేతకానివాళ్లే ఇన్‌స్టలేషన్లు అంటారు.

మా మేనమామ చీరల గది చూసి, "ఏమ్మా, అన్నేళ్లు చదివి చివరికి బట్టలు ఆరేశావా?" అన్నాడు. నవ్వాను కానీ రాత్రి నిద్ర పట్టలేదు.

బెంగళూరులో పనిచేసే కళాకారిణి షీలా గౌడ చదువుకున్నది పెయింటింగే. 1990లలో ఆమె పేడ, కుంకుమ, దారం వైపు వెళ్లారు. దారాలను ఒక్కొక్కటిగా సూది బెజ్జంలోంచి లాగి, పోగులన్నీ కలిపి కుంకుమ, జిగురు పట్టించి, ఎర్రటి తాళ్లుగా గోడల మీద వేలాడదీశారు. తాడు చివర ఆ సూదులన్నీ గుత్తిగా ఉంటాయి. దారం లాగిన ఆ శ్రమనంతా చూసేవాడి ముందు పెట్టాలంటే దాన్ని బొమ్మగా గీస్తే సరిపోదు కదా. మన చిత్రకారుడు లక్ష్మాగౌడ్ గారు ఎచింగ్ చేశారు, గాజు మీద వెనకవైపు నుంచి బొమ్మలేశారు, టెర్రకోట చేశారు. ఏదీ చేతకాక ఇంకోదానికి వెళ్లలేదు.

నా సంగతీ అంతే. మా అమ్మమ్మ ఊరి చెరువు మీద ఎచింగ్‌లు మొదలుపెట్టాను. కట్ట వచ్చింది, తుమ్మచెట్లు వచ్చాయి. తూము ఎత్తినప్పుడు నీళ్లు గొంతు సవరించుకున్నట్టు వచ్చే చప్పుడు మాత్రం ఏ గీతకీ లొంగలేదు. అందుకని రికార్డర్ పట్టుకెళ్లాను.

అపోహ: ప్రింట్ అంటే జిరాక్సే కదా, ధర ఎందుకంత?

ఇది వింటే నాకు ఒళ్లు మండుతుంది. రేకుకి ముందు నల్లటి మైనం పూత పూస్తాం. సూదితో గీస్తే పూత లేచిన చోట లోహం బయటపడుతుంది. నీళ్లు కలిపిన నైట్రిక్ ఆసిడ్‌లో వేస్తే ఆ గీతల్నే తింటుంది. గీత మీద చేరే బుడగల్ని పక్షి ఈకతో తోస్తూ ఉండాలి, లేకపోతే గీత గతుకులు పడుతుంది. ఎంతసేపు ఉంచితే అంత లోతు, అంత నలుపు. తర్వాత పూత కడిగి, గీతల్లోకి ఇంకు కూరి, పైన మిగిలినది గరుకు గుడ్డతోనూ ఆఖరికి అరచేత్తోనూ తుడిచి, తడి కాగితం వేసి ప్రెస్‌లో లాగుతాం. ఇంకో కాపీ కావాలంటే మళ్లీ ఇంకు, మళ్లీ తుడుపు. కింద పెన్సిల్‌తో 3/10 అని కనిపించేది పదింట్లో మూడోదని. పది అయ్యాక రేకు మీద అడ్డంగా గీత పెట్టి దాన్ని చంపేస్తాం.

పైగా అంతా తిరగబడి వస్తుంది. ఒకసారి రేకు మీద "చెరువు" అని తిన్నగా రాసేశాను. రెండు వారాల పని. ప్రూఫ్, అంటే పరీక్షకి తొలి కాపీ, లాగితే అద్దంలో చూసి చదువుకోవాల్సిన చెరువు వచ్చింది. ఆ రేకు ఇప్పుడు నా టేబుల్ మీద టీ గ్లాసు కింద ఉంటోంది.

అపోహ: నాలుగు మాధ్యమాలు కలపడం ఫారిన్ పోకడ.

తోలుబొమ్మలాట ఎప్పుడైనా చూశారా? తోలు, రంగు, దీపం, తెర, పాట, మాట. చేర్యాల నకాషీ పటాన్ని, అంటే చుట్టగా ఉండే పొడవాటి బొమ్మల గుడ్డని, కథ చెప్పేవాళ్లు కొద్దికొద్దిగా విప్పుతూ పాడేవారు. కళాకారిణి నళిని మలాని తిరిగే పారదర్శక గొట్టాల లోపలివైపు బొమ్మలేసి, వాటి గుండా వెలుగు, వీడియో పంపితే గోడల మీద నీడలు కదులుతాయి. మన పల్లెల్లో తెర ముందు కూర్చున్న వాళ్లకి ఇదేం వింతగా ఉండదు.

అపోహ: వీడియో ఎవరైనా కాపీ చేసుకోవచ్చు, దాన్నెవరు కొంటారు?

ప్రింట్ లాగే వీడియోని కూడా మూడో ఐదో కాపీలకి పరిమితం చేసి, సర్టిఫికెట్‌తో అమ్ముతారు. నావి అమ్ముడుపోవు, అది వేరే సంగతి.

అపోహ: ప్రాజెక్ట్ గురించి రాసేది అర్థం కాకుండా ఉంటేనే గౌరవం.

నేనూ నమ్మాను. చెరువు పని మొదటిసారి ప్రదర్శించినప్పుడు గోడకి అంటించిన నా స్టేట్‌మెంట్‌లో మొదటి వాక్యం "జల స్మృతుల విస్మృత అస్తిత్వాన్వేషణ". ప్రొజెక్టర్ బిగించడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్ అది రెండుసార్లు చదివి, "మేడమ్, ఇది చీకట్లో చూడాలా, లైటుండాలా?" అని అడిగాడు. అరపేజీ రాశాను, అతనికి పనికొచ్చే ముక్క ఒక్కటీ లేదు. అసలు నీళ్లున్నాయని కూడా అందులో లేదు.

ఇప్పుడు ఏం చేశానో, దేనితో చేశానో, ఎక్కడ నిలబడి చేశానో రాస్తాను. ఏమనిపించాలో చూసేవాళ్లకే వదిలేస్తాను. చెరువు పనికి ఇప్పుడు గోడ మీద ఉన్నది ఇంతే:

"ఏడు జింకు రేకులు, ఒక్కోదాని నుంచి పది ప్రింట్లు. చప్పుడు తూము పక్కన తెల్లవారుజామున తీసింది. మధ్యలో వినిపించే దగ్గు మా తాతయ్యది. లైట్లు ఆర్పి వినండి."