సేవ చేయాలనుందా? ముందు ఈ అపోహలు వదిలించుకోండి

చూపులేని విద్యార్థులకు పరీక్షల్లో వాళ్లు చెప్పింది రాసిపెట్టే స్క్రైబ్‌లను కుదిర్చిపెట్టడం నా పని. "ఏదైనా సేవ చేయాలనుంది, ఎక్కడ చేరమంటారు?" అని అడిగేవాళ్లకు కొదవ లేదు. రెండోసారి కనబడేవాళ్లే తక్కువ.

అపోహ: ఎంత పెద్ద చదువుంటే అంత పనికొస్తాం.

వాస్తవం: మా దగ్గర ఇది తలకిందులు. కేంద్ర సామాజిక న్యాయ శాఖ 2018 మార్గదర్శకాల ప్రకారం, అభ్యర్థి తానే స్క్రైబ్‌ను తెచ్చుకుంటే ఆ స్క్రైబ్ చదువు తనకన్నా ఒక మెట్టు తక్కువ ఉండాల్సి వచ్చేది; 2025లో వాటిని మార్చినా, స్క్రైబ్ చదువు తక్కువే ఉండాలి. డిగ్రీ పరీక్షకు ఎం.టెక్. చేసినాయన పనికిరాడు, ఇంటర్ చదివే పక్కింటమ్మాయి పనికొస్తుంది. పేపరు తెలుగులో ఉంటే వత్తులూ గుణింతాలూ తడబడని చెయ్యి కావాలి. ఇంగ్లిష్ మీడియం పిల్లల్లో అది దొరకడం కష్టమే. గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఇస్తారు కాబట్టి మూడు గంటల పరీక్ష నాలుగు గంటలవుతుంది. అదీ ఎక్కువగా పనిదినాల్లోనే, ఆదివారం కాదు. చెప్పింది చెప్పినట్టు రాయాలి, తప్పని తెలిసినా దిద్దకూడదు. బాగా చదువుకున్నవాళ్ల వల్ల కానిది ఇదే!

వాళ్లను నేను పాఠాలు చదివి రికార్డు చేసే పనికి పంపుతాను. ఒకరు చదివింది ఇంకొకరు విని తప్పులు పట్టాలి. ఆ ఉచ్చారణ తగాదాల్లోంచే స్నేహాలు పుట్టడం చూశాను. వందలమంది ఉన్న వాట్సాప్ గ్రూపులో గుడ్ మార్నింగ్‌లు తప్ప పుట్టేదేమీ లేదు.

అపోహ: పుట్టినరోజుకు అనాథాశ్రమంలో కేకు కోయడంతో మొదలుపెట్టొచ్చు.

వాస్తవం: కేకు కోసేవాళ్లు వస్తూనే ఉంటారు. పిల్లలు వరసలో నిలబడి, ముక్కూమొహం తెలియని మనిషికి చప్పట్లు కొట్టాలి. పైగా ఆ ఫోటో స్టేటస్‌లో పెడతారు. సంరక్షణ అవసరమైన పిల్లల్ని గుర్తుపట్టేలా ఫోటోలు, వివరాలు బయటపెట్టడాన్ని 2015 బాలల న్యాయ చట్టం సెక్షన్ 74 నిషేధిస్తుంది. ప్రతి శనివారం లెక్కలు చెబుతానని అడిగి చూడండి. వెంటనే ఒప్పుకోకపోవచ్చు, మీ వివరాలు ఆరా తీస్తారు. ఆరా తీయని చోటనే అనుమానించాలి.

అపోహ: పిలిచినప్పుడు రక్తమిస్తే చాలు.

వాస్తవం: హీరో పుట్టినరోజు శిబిరంలో జనం బారులు తీరతారు. వేసవిలో కాలేజీలకు సెలవులిచ్చాక నిల్వలు పడిపోతాయి. తలసీమియా అనే రక్తపు జబ్బున్న పిల్లలకు మాత్రం రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాల్సిందే. మగవాళ్లు 90 రోజులకు, ఆడవాళ్లు 120 రోజులకు ఒకసారి ఇవ్వొచ్చు. మీ వంతు ఏప్రిల్, మే నెలల్లో పడేలా లెక్కేసుకోండి.

అపోహ: సేవలో రాజకీయం ఉండదు.

వాస్తవం: చేరేముందు ఫ్లెక్సీ మీద ఎవరి బొమ్మ ఉందో చూసుకోండి.

అపోహ: ఒకసారి చేరితే మానేయకూడదు.

వాస్తవం: మానేయొచ్చు. నచ్చని పనిని మొహమాటానికి లాక్కొచ్చేవాళ్లకన్నా, వారం ముందు "నా వల్ల కాదండీ" అనేవాళ్లే మాకు నయం. అత్యవసరంలో స్క్రైబ్‌ను మార్చుకునే వెసులుబాటు 2018 మార్గదర్శకాల్లోనే ఉండేది. కానీ తెల్లారితే పరీక్ష అనగా రాత్రి పదింటికి ఫోన్ స్విచాఫ్ చేసుకుంటే, ఇంకొకరిని ఎక్కణ్నుంచి తెమ్మంటారు?