లేసు విప్పిన దొర

1633లో ఫ్రాన్స్ రాజు పదమూడో లూయీ ఒక శాసనం తెచ్చాడు. బట్టల మీద బంగారు, వెండి జరీ పనులూ, ఖరీదైన లేసూ ఇక బంద్. దాని మీదే అబ్రహాం బోస్ అనే ఫ్రెంచి చిత్రకారుడు ఒక ఎచింగ్, అంటే రాగి రేకు మీద యాసిడ్‌తో గీతలు తొలిచి అచ్చేసే బొమ్మ, వేశాడు. అందులో సాదా బట్టలేసుకున్న ఒక దొర, పక్కన అతని లేసు బట్టల్ని పెట్టెలో సర్దుతున్న నౌకరు. తమాషా ఏంటంటే, నాలుగేళ్ల కిందటే, 1629లో, ఫ్రెంచి దొరల సోకులన్నీ చూపించే బొమ్మల వరస చెక్కిందీ ఈ బోసే. తండ్రి తూర్ పట్నంలో దర్జీ, అందుకేనేమో కుచ్చు ఎక్కడ పడాలో, మడత ఎక్కడ విరగాలో ఈయనకి బాగా తెలుసు.

లేసు సన్నటి అల్లికకీ ఎచింగ్ సన్నటి గీతకీ భలే కుదిరింది. రాగి రేకుకి వార్నిష్ పూసి, సూదితో దాని మీద గీసి, యాసిడ్ పోస్తే అది గీత పడిన చోట మాత్రమే రాగిని తినేస్తుంది, ఆ గాడిలో ఇంకు నింపి కాగితం మీద ఒత్తుతారు. అసలు ఈ పద్ధతి కవచాల మీద నగిషీలు చేసేవాళ్లది. జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో డానియెల్ హోప్ఫర్ అనే ఆయన ఇనప రేకుల మీద బొమ్మలేసి అచ్చు తీశాడు, కానీ ఇనుము తుప్పు పడుతుంది కదా, తర్వాత రాగికి మారారు. ఆపైన లొరేన్‌కి చెందిన జాక్ కాలో, వీణలాంటి లూట్ వాద్యానికి పూసే గట్టి వార్నిష్ వాడి గీతను మరింత పదునుగా తెచ్చాడు. బోస్ ఆ పద్ధతినే పట్టుకున్నాడు, 1645లో దాని మీద ఏకంగా పుస్తకమే రాశాడు.

ఇంతకీ రాజుకి లేసుతో పేచీ ఏంటి? డబ్బు. మంచి లేసు ఫ్లాండర్స్ (ఇప్పటి బెల్జియం వైపు) నుంచీ వెనిస్ నుంచీ వచ్చేది, ఆ సొమ్మంతా దేశం దాటిపోయేది. దానికి తోడు, చేతిలో డబ్బున్న ప్రతి వర్తకుడూ దొరలాగే తయారైతే ఎవరు దొరో ఎలా తెలుస్తుంది? ఇలాంటి శాసనాలు అంతకుముందూ ఉన్నాయి, ఆ తర్వాతా వచ్చాయి, అంటే జనం ఎంత బాగా పాటించారో మీరే ఊహించుకోండి. చివరికి 1665లో మంత్రి కోల్బేర్ ఫ్రాన్స్‌లోనే లేసు తయారీ పెట్టించాడు. 1686లో మాత్రం మళ్లీ నిషేధమే, ఈసారి మన మచిలీపట్నం లాంటి రేవుల నుంచి వెళ్లే అద్దకం బట్టల మీద. అది ఎత్తేసేసరికి 1759 అయింది.