గంగా జమున అంచు మీద బొమ్మ రైలు

"సార్, లూపులో చివరి ముక్క తగిలించగానే కంట్రోలర్ మీద ఎర్ర లైటు వెలుగుతోంది. రైలు కదలట్లేదు. ఆ ముక్క తీసేస్తే మళ్ళీ మామూలే. ఆ ముక్క పాడైందంటారా?"

ఒక పాఠకుడు ఫొటోతో సహా పంపిన ప్రశ్న ఇది. అమెరికాలో ఉన్న తమ్ముడు వాళ్ళబ్బాయికి ఎలక్ట్రిక్ రైలు సెట్టు తెచ్చిచ్చాడట. దానికి ఇంకో పెట్టె పట్టాలు, రైలుని ఒక లైను నుంచి ఇంకో లైనుకి మళ్ళించే పాయింటు ఒకటి కొని హాలు నిండా పరిచారు. ఒక పొడవాటి లైను, దాని చివర నీటిబొట్టు ఆకారంలో ఒక లూపు. రైలు వెళ్ళి లూపు చుట్టి, తిరిగి అదే లైను మీదకి రావాలని ఆలోచన. చక్కటి ఆలోచనే. ముక్క కూడా బాగానే ఉంది. ఈ ఆకారంలో పట్టాలు కలిపితే మాత్రం షార్ట్ సర్క్యూట్ అయి తీరుతుంది, ఎంత ఖరీదైన పట్టాలు కొన్నా సరే. ముప్పై ఏళ్ళు ఫిజిక్స్ పాఠం చెప్పిన నాకు, నా సొంత బల్ల మీద ఈ సంగతి అర్థం కావడానికి రెండు ఆదివారాలు పట్టింది.

బల్లకి ప్లైవుడ్ ఎంత మందం ఉండాలి, పట్టాల కింద కార్క్ వేయాలా, కంకర ఏ జిగురుతో అంటించాలి లాంటివి ఇక్కడ రాయను. అవసరమైన విషయాలే గానీ నాకు విసుగు. కొలతల గురించి ఒక్క మాట. ఈ సెట్టు హెచ్‌ఓ సైజుది, అంటే అసలు రైలులో 87వ వంతు. పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. దాన్ని 87తో హెచ్చిస్తే సుమారు 1435 వస్తుంది. అది అమెరికాలో, ఐరోపాలో ఎక్కువ చోట్ల ఉండే గేజి. మన బ్రాడ్ గేజి 1676 మిల్లీమీటర్లు కాబట్టి లెక్క ప్రకారం 19 మిల్లీమీటర్లకి పైనే ఉండాలి. అందుకే మన బోగీ బొమ్మని ఈ పట్టాల మీద నిలబెడితే, భారీ మనిషి చిన్నపిల్లల చెప్పులు వేసుకున్నట్టు కనిపిస్తుంది.

ఇక అసలు సంగతికి వద్దాం. బొమ్మ రైలు పట్టా రెండు ఉద్యోగాలు చేస్తుంది. చక్రానికి దారి చూపించాలి, మోటారుకి కరెంటు ఇవ్వాలి. ఒక పట్టా ప్లస్, రెండోది మైనస్. ఇంజను ఒక వైపు చక్రాలతో కరెంటు తీసుకుని, రెండో వైపు చక్రాలతో తిప్పి పంపుతుంది. చక్రాలకి అటూ ఇటూ తేడా లేదు, ఎటు పోయినా పట్టా పట్టాయే. కరెంటుకి మాత్రం ఏది ఎడమో ఏది కుడో చాలా పట్టింపు. ఈ రెండు ఉద్యోగాలూ కొట్టుకునే చోటే లూపు.

గంగా జమున అంచు చీర చూసే ఉంటారు. ఒక వైపు అంచు ఒక రంగు, రెండో వైపు ఇంకో రంగు. ఎర్ర అంచు, ఆకుపచ్చ అంచు ఉన్న చీరని ఊహలో 16.5 మిల్లీమీటర్ల వెడల్పుకి కుదించండి. అదే మన రైలు దారి. అంచులు పట్టాలు, మధ్యలో ఉన్న గుడ్డంతా స్లీపర్లు, అంటే పట్టాల కింద అడ్డంగా ఉండే దిమ్మలు. ఎరుపు ప్లస్, ఆకుపచ్చ మైనస్. కుట్టేటప్పుడు నియమం ఒక్కటే. ఎరుపుకి ఎరుపు, ఆకుపచ్చకి ఆకుపచ్చ కలవాలి.

ఈ చీరని నేల మీద గుండ్రంగా పరిచి కొంగుని రెండో చివరకి కుట్టండి. బయట అంచంతా ఎరుపు, లోపలి అంచంతా ఆకుపచ్చ. ఏ గొడవా లేదు. సెట్టుతో వచ్చే గుండ్రటి దారి ఇదే. ఇప్పుడు నీటిబొట్టు. చీరని తిన్నగా పరుచుకుంటూ వెళ్ళండి, ఎడమ వైపు ఎరుపు. కొంత దూరం పోయాక గుండ్రంగా తిప్పి, మీరు వచ్చిన దారిలోనే మీ ముఖం వెనక్కి పెట్టి కలపండి. మీరు నడిచినంత సేపూ ఎరుపు మీ ఎడమనే ఉంది. కానీ మీరు ఇప్పుడు ఎదురు తిరిగారు కాబట్టి, పాత దారిలోని ఎరుపు మీ కుడి చేతి వైపుకి వచ్చింది. ఎడమ చేతిలోని ఎర్ర అంచు పోయి ఆకుపచ్చ అంచుకి తగులుతుంది. చీరకి ఎక్కడా మెలిక పెట్టలేదు, నేల మీద చదునుగానే ఉంది. అయినా రంగులు కలవవు. ఆ కుట్టు వేసిన క్షణాన ప్లస్, మైనస్ ముద్దెట్టుకుంటాయి, ఎర్ర లైటు వెలుగుతుంది. చివరి ముక్క మీద నింద పడుతుంది, పాపం.

నీటిబొట్టు ఆకారం కళ్ళకి కనిపిస్తుంది గనక ఫరవాలేదు. దొంగ లూపులు వేరే ఉన్నాయి. గుండ్రటి చీరని మధ్యలో నొక్కండి, రెండు పొడవాటి వైపులు పక్కపక్కకి వస్తాయి. చూస్తే అచ్చం డబుల్ లైనులాగే ఉంటుంది. రంగులు చూడండి. బయటి అంచులు రెండూ ఎరుపు, మధ్యలో ఎదురెదురుగా ఉన్నవి రెండూ ఆకుపచ్చ. ఇంతవరకు ఇబ్బంది లేదు. ఒక లైను నుంచి రెండో లైనుకి మారడానికి మధ్యలో అడ్డంగా ఓ ముక్క వేశారా, ఉత్తరపు లైనులో ఉత్తరం వైపు పట్టా ఎరుపు, దక్షిణపు లైనులో ఉత్తరం వైపు పట్టా ఆకుపచ్చ. మళ్ళీ షార్ట్. అసలు డబుల్ లైనులో ఈ సమస్య రాదు, ఎందుకంటే అక్కడ రెండు చీరలూ ఒకే వైపుకి పరిచినవి. గుడ్డి గుర్తు ఒకటి చెబుతాను. కాగితం మీద ప్లాను గీసి, వేలుని రైలు అనుకుని నడపండి. మధ్యలో రివర్సు పోయినా సరే, వేలు బయలుదేరిన చోటికే ఎదురు ముఖంతో వస్తే మీ ప్లానులో లూపు ఉన్నట్టే. ఇంజన్లని తిప్పే త్రిభుజం లైను, టర్న్ టేబుల్, గుండ్రటి దారికి అడ్డంగా కోసినట్టు వేసిన లైను, అన్నీ ఈ కుటుంబమే.

మందు ఏమిటంటే, లూపుని మిగతా చీర నుంచి కత్తిరించి వేరు చేయడం. రెండు చివరలా రెండేసి పట్టాలు, మొత్తం నాలుగు కోతలు. చాలామంది రెండు కోసి ఊరుకుంటారు. కోయడం ఇష్టం లేకపోతే పట్టా ముక్కల్ని కలిపే లోహపు జాయినర్లు తీసి ప్లాస్టిక్‌వి పెట్టినా అదే పని. ఇప్పుడు లూపు ముక్కకి కరెంటు విడిగా ఇస్తాం. మామూలు డీసీ సెట్టులో ఇంజను ముందుకి పోవాలంటే దాని కుడి చేతి వైపు పట్టా ప్లస్ కావాలని ప్రమాణం. కాబట్టి రైలు లూపులో ఉండగా లూపు రంగులు మార్చకూడదు, మారిస్తే రైలు వెనక్కి పోతుంది. మెయిన్ లైను రంగులు మార్చాలి. ఆరు కాళ్ళ టాగుల్ స్విచ్ ఒకటి చాలు. రైలు లోపల తిరుగుతుండగానే బయట చీరని తిరగేసి పరిచినట్టు అన్నమాట. రైలు బయటికి వచ్చేసరికి ఎరుపుకి ఎరుపే ఎదురొస్తుంది.

డిజిటల్ పద్ధతిలో, అంటే డీసీసీలో, ఇంకా తమాషా. జర్మనీలోని లెంజ్ కంపెనీ వాళ్ళ పనిని ఆధారం చేసుకుని అమెరికాలోని బొమ్మ రైళ్ళ అభిమానుల సంఘం ఎన్‌ఎంఆర్‌ఏ 1990లలో దీన్ని ప్రమాణం చేసింది. పట్టాల మీద ఎప్పుడూ సుమారు 15 వోల్టులు అటూ ఇటూ తిరగబడుతూ ఉంటాయి. ఒక్కో సగం 58 మైక్రోసెకన్లు ఉంటే అది '1', 100 మైక్రోసెకన్లు ఉంటే '0'. ఇంజనులోని చిప్పు ఎంతసేపు ఉందో కొలుస్తుంది, ఏ వైపు ముందు వచ్చిందో పట్టించుకోదు. మోటారుకి కావలసిన కరెంటుని నాలుగు డయోడ్లు సరిచేసి ఇస్తాయి. ముందుకా వెనక్కా అన్నది అంకెల్లో వచ్చే ఆజ్ఞ. కాబట్టి రైలు మీద ఉండగానే లూపు రంగులు తారుమారు చేసినా దానికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. ఆటో రివర్సర్ అనే చిన్న బోర్డు షార్ట్ మొదలవడాన్ని పసిగట్టి కొన్ని మిల్లీసెకన్లలో రంగులు మార్చేస్తుంది. అసలు బ్రేకర్ ట్రిప్ అయ్యేలోపల ఆ పని అయిపోవాలి. ఇద్దరూ ఒకే షార్ట్‌ని చూస్తారు, ఎవరు ముందు స్పందిస్తే వాళ్ళది గెలుపు.

ఈ బోర్డు కొన్నాక నేను చేసిన తెలివితక్కువ పని చెప్పాలి. విడదీసిన ముక్కని 90 సెంటీమీటర్లే ఉంచాను. మన ఐసీఎఫ్ (చెన్నై కోచ్ ఫ్యాక్టరీ) బోగీ అసలు పొడవు 21 మీటర్ల చిల్లర, 87తో భాగిస్తే 24.5 సెంటీమీటర్లు. ఇంజను వెనక లైట్లు వెలిగే బోగీలు ఐదు తగిలించాను. ఆ లైట్లకి కరెంటు చక్రాల నుంచే వస్తుంది. ఇంజను బయటికి పోయే కోత దాటుతూ "రంగు మార్చు" అంది. వెనక ఇంకో బోగీ లోపలికి వచ్చే కోత మీద నిలబడి "మార్చొద్దు" అంది. బోర్డులో రంగులు మార్చే రిలే, అంటే కరెంటుతో పడిలేచే స్విచ్, టకటకటక అని కుట్టుమిషన్‌లా కొట్టుకుని, బ్రేకర్ పడిపోయింది. విడదీసిన ముక్క రైలు కన్నా పొడుగుండాలి, అంతే. 457 మిల్లీమీటర్ల వ్యాసార్థంతో పూర్తి చుట్టు 2.87 మీటర్లు వస్తుంది. 24 బోగీల ఎక్స్‌ప్రెస్ బొమ్మ కట్టాలంటే రైలే 6 మీటర్లు దాటుతుంది, ఇక లూపు పెట్టడానికి ఫంక్షన్ హాలు మాట్లాడుకోవాలి.

జర్మన్ కంపెనీ మార్క్‌లిన్ రైళ్ళకి ఈ తలనొప్పే లేదు. వాళ్ళు రెండు పట్టాలకీ ఒకే రంగు వేసి, రెండో రంగుని మధ్యలో చిన్న చిన్న బొడిపెలుగా పెట్టారు. రెండంచులూ ఒకటే అయిన చీరని ఎటు తిప్పితే ఏం? అమెరికాలో లయొనెల్ వాళ్ళది మూడో పట్టా, అదే ఉపాయం. మిగతా ప్రపంచం చూడ్డానికి అసలు రైల్వేలా ఉండాలని రెండు పట్టాలతోనే సరిపెట్టుకుని, ఈ కష్టం కొనితెచ్చుకుంది.

చిన్నప్పుడు మా ఊరి గేటు దగ్గర ఒక నమ్మకం ఉండేది. పట్టా మీద బిళ్ళ పెడితే రైలు తొక్కి అయస్కాంతం అయిపోతుందని. అవ్వదు. అణిగి పలచబడుతుంది, అంతే. ఇప్పటి రూపాయి బిళ్ళ స్టీలుది గనక అయస్కాంతానికి అతుక్కుంటుంది, దాన్ని చూసి పిల్లలు నమ్మకాన్ని ఖాయం చేసుకుంటారు. అతుక్కోవడం వేరు, అయస్కాంతం కావడం వేరు అని ఏటా తొమ్మిదో తరగతిలో చెప్పినా, ఏటా ఒకడు చెయ్యెత్తి "మా అన్న చేశాడు సార్" అనేవాడు. అసలు పట్టాల జోలికి వెళ్ళకండి. బొమ్మ పట్టాల మీద మాత్రం రూపాయి పెట్టడం శాస్త్రీయమైన పరీక్షే. బిళ్ళ వ్యాసం 20 నుంచి 22 మిల్లీమీటర్లు, రెండు పట్టాల మీదా హాయిగా ఆనుతుంది. పెట్టగానే బ్రేకర్ టక్కున పడాలి. బల్ల మీద ప్రతి చోటా పడాలి.

నా బల్లకి దూరపు మూలలో పడలేదు! బిళ్ళ పెట్టి పది సెకన్లు చూశాను. కొంచెం అవతల ఒక జాయినర్ దగ్గర ప్లాస్టిక్ కాలిన వాసన. లెక్క వేస్తే భయం వేసింది. నా బ్రేకర్ 5 ఆంపియర్లకి పడుతుంది. 15 వోల్టుల దగ్గర అంత కరెంటు పారాలంటే దారి మొత్తం నిరోధం 3 ఓములకి మించకూడదు. చిలుము పట్టిన జాయినర్ల వల్ల 4 ఓములు అయిందనుకోండి, కరెంటు 3.75 ఆంపియర్లే. బ్రేకర్ దృష్టిలో అంతా సవ్యం. కానీ 15 ఇంటూ 3.75 అంటే 56 వాట్లు, అందులో ఎక్కువ భాగం ఆ పాడు జాయినర్ దగ్గరే వేడి అవుతుంది. నేను టంకం వేసే ఐరన్ 25 వాట్లది.

పట్టాలు నికెల్ సిల్వర్‌వి. పేరులోనే సిల్వర్, లోపల ఉన్నది రాగి, నికెల్, జింకు. తొందరగా చిలుము పట్టదు గానీ కరెంటుకి రాగికన్నా పదిహేను రెట్లకి పైనే అడ్డుపడుతుంది. అందుకే పట్టాలని నమ్మి కరెంటుని దూరం పంపకూడదు. బల్ల కింద ఇళ్ళలో వాడే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలు రెండు పొడుగ్గా లాగి, ప్రతి మూడడుగుల పట్టాకీ వాటి నుంచి సన్నటి తీగలు పైకి తీసి పట్టా బయటి వైపు టంకం పెట్టాలి. తీగకి, పట్టాకి విడివిడిగా ముందే కాస్త సీసం పూసి, అటూ ఇటూ స్లీపర్ల మీద తడి దూది పెట్టి, ఐరన్ రెండు సెకన్లు ఆనించి తీసేయాలి. మూడో సెకనుకి స్లీపర్ వంగిపోతుంది. కింద వెల్లకిలా పడుకుంటే ఎడమ కుడి అవుతుంది, కుడి ఎడమ అవుతుంది. రంగు తీగలు లేకుండా ఈ పనికి దిగొద్దు. నేను ఎరుపు, ఆకుపచ్చ వాడాను. ఇంటికొచ్చిన ఎలక్ట్రీషియన్ చూసి "ఆకుపచ్చ ఎర్తుకి కదా సార్, మీ తర్వాత ఎవరైనా ముట్టుకుంటే?" అన్నాడు. నిజమే. విప్పేసి నలుపు వేశాను. ఈ వ్యాసంలో మాత్రం చీర ఆకుపచ్చగానే ఉంటుంది.

అసలు రైల్వే వాళ్ళూ పట్టాలని కలిపే ఇనప పలకల్ని, అంటే ఫిష్ ప్లేట్లని, నమ్మరు. సిగ్నల్ కరెంటు పారే పట్టాల అతుకుల దగ్గర ఒక పక్కనుంచి ఇంకో పక్కకి తీగ వేసి ఉంటుంది, ప్లాట్‌ఫారం మీద నిలబడి చూసినా కనిపిస్తుంది. ఆ కరెంటు రైలుని నడపడానికి కాదు, ఇంజనుకి కావలసింది పైనున్న 25 వేల వోల్టుల తీగ ఇస్తుంది. విలియం రాబిన్సన్ అనే అమెరికన్ 1872లో పేటెంటు తీసుకున్న ట్రాక్ సర్క్యూట్ అది. పట్టాల ఒక చివర బ్యాటరీ, రెండో చివర రిలే. రైలు వస్తే ఇరుసు రెండు పట్టాలనీ షార్ట్ చేస్తుంది, రిలే పడిపోతుంది, సిగ్నల్ ఎరుపు. నా బల్ల మీద తప్పు అనిపించుకునే షార్టే అక్కడ రైలు "ప్రెజెంట్ సార్" అనడం. పట్టా విరిగినా, తీగ తెగినా, బ్యాటరీ చచ్చినా కూడా రిలే పడి ఎరుపే వస్తుంది.

నాకు బాగా నచ్చేది దాని తర్వాతి మెట్టు. ఒక సర్క్యూట్‌కీ పక్క సర్క్యూట్‌కీ మధ్య కరెంటు పోనివ్వని జిగురు అతుకు ఉంటుంది. ఆ అతుక్కి అటూ ఇటూ రంగులు కావాలనే తారుమారుగా ఇస్తారు. ఎర్ర అంచు ఆగిన చోట ఆకుపచ్చ మొదలవుతుంది. అతుకు పాడై రెండూ కలిసిపోతే ఒకదాని బ్యాటరీ ఇంకోదానికి ఎదురు తిరుగుతుంది, రిలే నిలబడలేదు, సిగ్నల్ ఎర్రగా అవుతుంది. అంటే మన పాఠకుడి హాలులో జరిగిన గొడవనే అక్కడ కాపలాకి పెట్టారు.

ఆయనకి నాలుగు ప్లాస్టిక్ జాయినర్లు, ఒక టాగుల్ స్విచ్ రాసి పంపాను. వారం తర్వాత జవాబు వచ్చింది. రైలు తిరుగుతోందట. పిల్లాడు ఆటలో పడి స్విచ్ మర్చిపోతే ఇంజను సరిగ్గా కోత మీద ఆగిపోతోంది, ఎర్ర లైటు. ఇప్పుడు సోఫాలో కూర్చున్న వాళ్ళ నాయనమ్మ, రైలు లూపులోకి దూరగానే టీవీ మీద నుంచి కళ్ళు తిప్పకుండా "ఒరేయ్, స్విచ్ తిప్పరా" అని కేక వేస్తోందట.