మీట్ అంటే ఒకప్పుడు మాంసం కాదు

1611లో ఇంగ్లండ్‌లో అచ్చయిన కింగ్ జేమ్స్ బైబిల్ చదివేవారికి లేవీయకాండం రెండో అధ్యాయం దగ్గర తికమక తప్పదు. అక్కడ 'మీట్ ఆఫరింగ్' అని ఉంటుంది. తీరా చూస్తే అందులో ఉన్నవి మెత్తని పిండి, నూనె, సాంబ్రాణి. మాంసం ఊసే లేదు. మన తెలుగు బైబిల్లో అదే చోట 'నైవేద్యము' అని ఉంది కాబట్టి తెలుగులో చదివినవారికి ఈ చిక్కు రాదు.

అనువాదకుల పొరపాటేమీ లేదు. అప్పట్లో మీట్ అంటే తినేది ఏదైనా. పాత ఇంగ్లిష్‌లో 'మెటె' అంటే ఆహారం, మాంసానికి 'ఫ్లాష్' అనే మాట వేరే ఉండేది. ఇప్పటి ఫ్లెష్ అదే. కాలక్రమంలో ఆహారానికి ఫుడ్ అనే మాట స్థిరపడి, మీట్ మాంసానికే మిగిలింది. 1885లో వచ్చిన ఆ బైబిల్ సవరణ ప్రతిలో 'మీట్ ఆఫరింగ్'ను పిండి అనే అర్థం వచ్చేలా 'మీల్ ఆఫరింగ్' అని మార్చారు. మిఠాయిని స్వీట్‌మీట్ అనడంలో మాత్రం పాత అర్థం ఇంకా బతికే ఉంది.

షేక్‌స్పియర్ భాషను చాలామంది ఓల్డ్ ఇంగ్లిష్ అనుకుంటారు. అసలైన పాత ఇంగ్లిష్ అంతకు చాలా ముందుది. 5వ శతాబ్దంలో ఉత్తర జర్మనీ, డెన్మార్క్ తీరాల నుంచి బ్రిటన్‌కు వలస వచ్చిన ఆంగ్లులు, శాక్సన్లు మాట్లాడిన భాష అది. 1066లో ఫ్రెంచి మాట్లాడే నార్మన్లు ఇంగ్లండ్‌ను గెలిచాక, ఓ రెండు మూడు తరాల్లో దాని రూపురేఖలే మారిపోయాయి.

ఆ భాషలో 'డేయొర్' అంటే ఏ జంతువైనా. ఫ్రెంచి నుంచి బీస్ట్, తర్వాత యానిమల్ వచ్చి చేరాక డీర్ ఒక్క జింకకే పరిమితమైంది. కింగ్ లియర్ నాటకంలో ఎలుకలను కూడా 'చిన్న డీర్' అన్నారంటే, 17వ శతాబ్దం మొదట్లోనూ పాత అర్థం పూర్తిగా పోలేదన్నమాట. మనకిది కొత్తేమీ కాదు. సంస్కృతంలో 'మృగ' అంటే అడవి జంతువూ, జింకా రెండూ. తెలుగులో మృగం అనగానే క్రూర జంతువే గుర్తొస్తుంది. మృగశిరలో మాత్రం జింక తల అలాగే ఉండిపోయింది.

స్టార్వ్ కథ ఇంకాస్త బాధగా ఉంటుంది. 'స్టెయొర్ఫన్' అంటే చనిపోవడం, ఏ కారణంతోనైనా సరే. జర్మన్‌లో ఇప్పటికీ 'స్టెర్బెన్' అంటే అదే అర్థం. ఇంగ్లిష్‌లో ఆ మాట ఆకలి చావుకు, తర్వాత ఉత్త ఆకలికి దిగింది. ఇవాళ మధ్యాహ్నం భోజనం కాస్త ఆలస్యమైతే చాలు, పిల్లలు 'ఐయామ్ స్టార్వింగ్' అంటారు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది లార్డ్. దాని పాత రూపం 'హ్లాఫ్‌వెయర్డ్'. హ్లాఫ్ అంటే రొట్టె, ఇప్పటి లోఫ్ అదే. వెయర్డ్ అంటే కాపలాదారు. అంటే లార్డ్ రొట్టెను కాచేవాడు, ఇంటిల్లిపాదికీ తిండి చూసేవాడు. అతని దగ్గర పనిచేసేవాడు 'హ్లాఫాట', రొట్టె తినేవాడు. దాదాపు క్రీ.శ. 600 నాటి, ఆగ్నేయ ఇంగ్లండ్‌లోని కెంట్ రాజు ఎథెల్‌బర్ట్ చట్టంలోనే ఈ మాట ఉంది. ఒక సామాన్య రైతు హ్లాఫాటను చంపినవాడు 6 షిల్లింగులు చెల్లించాలని ఆ చట్టం. ఒకరి ఉప్పు తిన్నానని చెప్పుకునే మనకు ఈ సంబంధం వేరే వివరించక్కర్లేదు.

లేడీ 'హ్లాఫ్‌డియె', రొట్టెపిండి పిసికే ఆమె. సభల్లో 'లేడీస్ అండ్ జెంటిల్మెన్' అన్నప్పుడల్లా పిండి అంటిన ఆ చేతులే నాకు గుర్తొస్తాయి. ఆ మాట రెండో సగం, పిండిముద్దకు ఇంగ్లిష్‌లో వాడే 'డో' ఒకే ధాతువు నుంచి వచ్చాయి. పిసికి, మెత్తి రూపమివ్వడం ఆ ధాతువుకు అర్థం. సంస్కృతంలోని 'దేహం' కూడా దానికి చుట్టమేనని భాషాశాస్త్రవేత్తలు చెబుతారు.