పీపీఈ కిట్ విప్పేటప్పుడు

2020లో కోవిడ్ రోజుల్లో టీవీ పెడితే చాలు, ఒళ్లంతా కప్పే తెల్లటి రక్షణ కిట్ తొడుక్కుంటున్న డాక్టర్లు కనిపించేవారు. దాన్ని ఎలా విప్పుతారో మాత్రం పెద్దగా ఎవరూ చూపించలేదు. ఆసుపత్రి సిబ్బందికి అసలు గండం ఉన్నది అక్కడే. వేసుకునేటప్పుడు కిట్ శుభ్రంగా ఉంటుంది, మనిషీ ఓపికగా ఉంటాడు. విప్పే సమయానికి కిట్ బయటి వైపంతా రోగుల తుంపరలు పడి ఉంటాయి. లోపలి మనిషి చెమటతో తడిసి, గొంతు ఎండి, ఎప్పుడు బయటపడదామా అని చూస్తుంటాడు.

అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో నాలుగు ఆసుపత్రుల్లో ఈ సంగతి పరీక్షించి చూశారు. ఫలితాలు 2015లో వచ్చాయి. అతినీలలోహిత కాంతిలో మాత్రమే మెరిసే ఒక లోషన్‌ను సిబ్బంది వేసుకున్న గ్లోవ్స్ మీద, గౌన్ మీద పూసి, రోజూ ఎలా విప్పుతారో అలాగే విప్పమన్నారు. తర్వాత లైటు వేసి చూశారు. మొత్తం 435 ప్రయత్నాల్లో 46 శాతం సార్లు లోషన్ ఒంటికో, లోపలి బట్టలకో అంటుకుని ఉంది. గౌన్ కన్నా గ్లోవ్స్ తీసేటప్పుడే ఎక్కువగా అంటింది. పద్ధతి తప్పినవాళ్లలో ఇది 70 శాతం. ఇక్కడ ఆగి చూడాల్సిన అంకె ఇంకోటి ఉంది: పద్ధతి ప్రకారం విప్పినవాళ్లలో కూడా 30 శాతం సార్లు అంటింది. జాగ్రత్తగా ఉండండి అని గోడ మీద పోస్టర్ అంటిస్తే సరిపోదన్నమాట. అదే లోషన్‌తో సాధన చేయించి, ఎవరికి ఎక్కడ అంటిందో అప్పటికప్పుడు చూపిస్తే, శిక్షణకు ముందు 60 శాతం సార్లు అంటుకున్నది 19 శాతానికి దిగింది.

అంతకు ఏడాది ముందు, 2014 అక్టోబరులో, డాలస్ నగరంలో ఒక ఎబోలా రోగికి సేవ చేసిన ఇద్దరు నర్సులకు ఆ జబ్బు సోకింది. ఇద్దరూ కోలుకున్నారు. డబ్బుకీ, పరికరాలకీ కొదవలేని దేశంలో అలా ఎలా జరిగిందని పెద్ద దుమారం రేగింది. అదే నెల 20న అక్కడి జబ్బుల నియంత్రణ సంస్థ సీడీసీ, కిట్ నిబంధనలు మార్చింది. ఒంట్లో ఏ భాగమూ బయటికి కనిపించకూడదన్నది ఒక మార్పు. దానికన్నా ముఖ్యమైనది, వేసుకునేటప్పుడూ విప్పేటప్పుడూ శిక్షణ పొందిన మరో మనిషి పక్కనే నిలబడాలన్నది. ఆ మనిషి ఆ పనిలో ఒక్కో మెట్టూ బిగ్గరగా చదివి వినిపిస్తాడు, విన్నవాళ్లు ఆ ఒక్కటీ చేసి ఆగుతారు. ఇరవై ఏళ్ల అనుభవమున్న సర్జన్ అయినా సరే, చెప్పింది చెప్పినట్టు చేయాల్సిందే. 2020లో మన కేంద్ర ఆరోగ్య శాఖ కూడా ఇద్దరిద్దరు జతగా ఒకరినొకరు కనిపెట్టుకునే 'బడ్డీ' పద్ధతి పాటించమని ఆసుపత్రులకు సూచించింది. కాగితం మీద బాగానే ఉంది. ఒక్క నర్సే వార్డంతా చూసుకునే చోట బడ్డీ ఎక్కణ్ణుంచి వస్తాడు?

విప్పే వరుసకూ ఒక లెక్క ఉంది. అన్నిటికన్నా మురికి పట్టేవి గ్లోవ్స్, గౌను, కాబట్టి అవి ముందు పోతాయి. తర్వాత కళ్లద్దాలు. మాస్క్ అన్నిటికన్నా చివర, అదీ వార్డు గాలి దాటి వచ్చాక. ఒక్కో వస్తువు తీశాక చేతులు శుభ్రం చేసుకోవాలి. మాస్క్ ముందు భాగాన్ని ముట్టుకోకుండా, తల వెనక పట్టీలు పట్టుకుని తీయాలి. ఎందుకంటే అంతసేపూ మీదికి వచ్చినదంతా పేరుకున్నది ఆ ముందు భాగంలోనే.

ఎన్95 మాస్క్ లోపల రంధ్రాలు చాలా చిన్నవి, అందుకే వైరస్ దూరదు అనుకుంటాం. నిజానికి ఆ దారాల మధ్య ఖాళీలు వైరస్ కన్నా చాలా పెద్దవి. పెద్ద తుంపర్లు గాలితో పాటు మలుపు తిరగలేక దారాలకు కొట్టుకుంటాయి. మరీ చిన్న కణాలు గాలి అణువుల తాకిడికి అటూ ఇటూ తూలుతూ ఏదో ఒక దారానికి తగులుకుంటాయి. తప్పించుకునేవి మధ్య రకం, సుమారు 0.3 మైక్రాన్ల కణాలు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). అందుకే పరీక్ష కూడా ఆ సైజు కణాలతోనే పెడతారు. అందులో కనీసం 95 శాతం ఆపితేనే ఆ పేరు. ఇంత పలచటి పొర ఇంత పని చేయడానికి కారణం దాని పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ దారాల్లో నిలిపి ఉంచిన విద్యుదావేశం. తలకు రుద్దిన దువ్వెన కాగితం ముక్కల్ని లాక్కున్నట్టు అవి కణాల్ని లాక్కుంటాయి. ఈ ఆవేశం ఎక్కించే పద్ధతుల్లో ముఖ్యమైనదాన్ని 1990లలో టెనెసీ విశ్వవిద్యాలయంలో పీటర్ సాయ్ రూపొందించారు. కోవిడ్ వచ్చేనాటికి ఆయన రిటైరయ్యారు. మాస్కుల కరువు చూసి, వాడినవాటిని పాడవకుండా మళ్లీ ఎలా వాడొచ్చో తేల్చడానికి తిరిగి పనిలోకి దిగారు. సబ్బుతో ఉతికినా, స్పిరిట్ చల్లినా ఆవేశం పోతుంది. మాస్క్ చూడ్డానికి కొత్తదానిలాగే ఉంటుంది, పని మాత్రం చేయదు. మన డాక్టర్లు చాలామంది నాలుగైదు మాస్కులు పెట్టుకుని, వాడినదాన్ని కాగితపు కవర్లో కొన్ని రోజులు ఆరనిచ్చి, వంతులవారీగా వాడింది ఇందుకే.

ఇక ఉక్కపోత. ద్రవం లోపలికి రానివ్వని బట్ట చెమట ఆవిరినీ బయటికి పోనివ్వదు. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది, అది ఆరే దారి లేదు. పైగా ఒక గది గాలిని ఇంకో గదికి తిప్పే సెంట్రల్ ఏసీలను చాలాచోట్ల ఆపేశారు. 40 డిగ్రీలు దాటే మే నెలలో, బాత్రూమ్‌కి వెళ్తే కిట్ వృథా అవుతుందని మంచినీళ్లు తాగడం మానేసిన నర్సులు, డైపర్లు వేసుకున్న నర్సులు ఎందరో. ముక్కు మీద పుండ్లు పడేవి. అంత అలసిన చేతులతో ఆ మెట్లన్నీ వరుస తప్పకుండా విప్పాలి. షిఫ్టు గంటలు తగ్గించడం సిబ్బంది మీద దయ అనుకునేవారు ఈ లెక్క చూసుకోవాలి.

ఏసీ ఆపి కిటికీలు తెరవడం తక్కువ పనేం కాదు. పెరూ రాజధాని లీమాలో కొలిచి చూస్తే, తలుపులూ కిటికీలూ తెరిచిన గదుల్లో గాలి గంటకు 28 సార్లు మారింది. యంత్రాలతో నడిచే ఐసొలేషన్ గదుల ప్రమాణం 12 సార్లే. ఎత్తైన కప్పులూ పెద్ద కిటికీలూ ఉన్న, యాభై ఏళ్లు దాటిన భవనాల్లో అయితే ఏకంగా 40. ఉస్మానియా లాంటి మన పాత పెద్దాసుపత్రుల హాళ్లు చూసినప్పుడల్లా నాకు ఈ అంకె గుర్తొస్తుంది. పెచ్చులూడుతున్నాయన్నది వేరే కథ.

మనసు సంగతికొస్తే, 2003లో సార్స్ అనే ఊపిరితిత్తుల అంటువ్యాధి వచ్చిపోయిన కెనడా నగరం టొరంటోలో ఆసుపత్రి ఉద్యోగుల్ని 13 నుంచి 26 నెలల తర్వాత పలకరించారు. సార్స్ రోగుల్ని చూడని ఆసుపత్రుల వాళ్లతో పోలిస్తే, చూసినవాళ్లలో అలసట, దిగులు, ఉద్యోగం మీద విసుగు ఎక్కువగా ఉన్నాయి. తమకు శిక్షణా అండా సరిగ్గా దొరికాయని భావించినవాళ్లలో మాత్రం ఆ భారం తక్కువ. బడ్డీ పక్కన నిలబడి మెట్లు చదవడం ఒంటిని కాపాడటమే కాదు, ఇంటికెళ్లి పిల్లల్ని ముట్టుకోవచ్చా అనే టెన్షన్‌నీ తగ్గిస్తుందని దీన్నిబట్టి నేను అనుకుంటున్నాను. మన దగ్గర ఆ అండ చట్టం రూపంలోనూ కావాల్సి వచ్చింది. వైద్య సిబ్బంది మీద దాడులు పెరగడంతో 2020 ఏప్రిల్ 22న కేంద్రం 1897 నాటి అంటువ్యాధుల చట్టాన్ని సవరిస్తూ ఆర్డినెన్స్ తెచ్చింది. తీవ్రంగా గాయపరిస్తే ఏడేళ్ల దాకా జైలు.

2020 జనవరి నుంచి 2021 మే వరకు ప్రపంచంలో సుమారు 1,15,500 మంది ఆరోగ్య సిబ్బంది కోవిడ్‌తో చనిపోయి ఉంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. సిబ్బంది అనగానే డాక్టరు, నర్సు గుర్తొస్తారు. 2021 జనవరి 16న ఢిల్లీ ఎయిమ్స్‌లో తొలి టీకా ఒక పారిశుద్ధ్య కార్మికుడికి వేశారు. ఆ ఎంపిక సరైనదే. వాడిన కిట్లన్నీ సంచుల్లో చేరేది విప్పే గదిలోనే. వాటిని మోసుకెళ్లి, ఆ గది నేల తుడిచేది కాంట్రాక్టు మీద పనిచేసే వార్డ్ బాయ్‌లు, ఆయాలు. ఆసుపత్రిలో కల్మషం ఎక్కువగా పేరుకునే గదుల్లో అదొకటి. లోషన్ పూసి, లైటు వేసి నేర్పించే శిక్షణ ముందుగా వాళ్లతోనే మొదలుపెట్టాలి. వాళ్లు కిట్ విప్పే వేళకూ మెట్లు చదివి వినిపించే మనిషి డ్యూటీ చార్టులో ఉండాలి.