ఐదో వంతు బీరు: అపోహలు – వాస్తవాలు

అమెరికాలో ఇంట్లో బీరు కాచుకునేవారి కోసం రాసిన రెసిపీలు ఎక్కువగా 5 గ్యాలన్లకు, అంటే సుమారు 19 లీటర్లకు ఉంటాయి. అపార్ట్‌మెంట్ వంటగదిలో మాల్టు గింజలతోనే (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) మొదలుపెట్టి ఒక్క గ్యాలనే, అంటే 3.8 లీటర్లే కాచుకునే నాలాంటివారికి ఆ లెక్కలు తగ్గించుకోక తప్పదు. (లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు కాచడం తెలుగు రాష్ట్రాల్లో చట్టవిరుద్ధమని ముందే గుర్తుచేస్తున్నాను.)

అపోహ: అన్నిటినీ ఐదుతో భాగిస్తే సరిపోతుంది.

వాస్తవం: మాల్టును భాగించవచ్చు, బీరుకు చేదునిచ్చే పూలైన హాప్స్‌నూ దాదాపుగా భాగించవచ్చు, నీటిని మాత్రం భాగించకూడదు. వెడల్పాటి బాండలిలో పాలు ఎంత త్వరగా ఇగిరిపోతాయో కోవా చేసినవారికి తెలుసు. గంటలో ఎంత ఆవిరవుతుందన్నది గిన్నె మూతి వెడల్పును, మంటను బట్టి ఉంటుందే గాని లోపల ఎంత ద్రవం ఉందన్నదాన్ని బట్టి కాదు. నా పెద్ద కుండలో గంటకు 4 లీటర్లు పోతే, వంటింటి గిన్నెలో 2.5 లీటర్లు పోతాయి. పెద్ద బ్యాచ్‌లో 5 కిలోల మాల్టు పీల్చుకునే 5 లీటర్లు, ఆవిరయ్యే 4 లీటర్లు, అడుగు మడ్డితో పోయే 1 లీటరు కలిపితే 19 లీటర్ల బీరుకు 29 లీటర్ల నీళ్లు కావాలి. దాన్ని ఐదుతో భాగించి, 5.8 లీటర్లతో మొదలుపెట్టిన నా మొదటి ప్రయత్నంలో చివరికి జాడీలోకి చేరింది రెండు లీటర్లకు కాస్త తక్కువే, పులియకముందు ద్రవంలో చక్కెర ఎంతుందో చెప్పే తొలి సాంద్రత 1.050 రావలసింది 1.080 దాటింది. నష్టాలను (మాల్టు పీల్చుకునే 1 లీటరు, ఆవిరయ్యే 2.5 లీటర్లు, మడ్డితో పోయే 0.4 లీటరు) విడిగా కలుపుకుంటే నిజంగా కావలసినవి 7.7 లీటర్లు.

అపోహ: మూత పెడితే మాష్ (వేడి నీళ్లలో నానబెట్టిన మాల్టు) వేడి నిలుస్తుంది.

వాస్తవం: కిలో మాల్టు, కొద్ది నీళ్లు త్వరగా చల్లారిపోతాయి. 67 డిగ్రీలు గంటలో 62కు దిగితే బీరు అనుకున్నదానికంటే పలుచగా, తీపి లేకుండా తయారవుతుంది. గిన్నెను దుప్పటిలో చుట్టడమో, కాస్త వేడిచేసి ఆపేసిన ఓవెన్‌లో పెట్టడమో నయం.

అపోహ: మామూలు వంటింటి తూకం చాలు.

వాస్తవం: 28 గ్రాముల హాప్స్ 5.6 గ్రాములవుతాయి; అక్కడ ఒక్క గ్రాము తేడా వస్తే చేదులో దాదాపు 18 శాతం తేడా. దశాంశం చూపే చిన్న తూకం కొనుక్కోండి. సీసాల్లో నింపేటప్పుడు గ్యాస్ పుట్టడానికి వేసే చక్కెర విషయంలో ఇది మరీ ముఖ్యం: 115 గ్రాములకు బదులు 23 గ్రాములు తూచి వేయాలి, చెంచాతో ఉజ్జాయింపుగా వేస్తే సీసాలు పగలవచ్చు.

అపోహ: ఈస్ట్ ఐదో వంతు కంటే ఎక్కువ వేస్తే బీరు చెడిపోతుంది.

వాస్తవం: చాలా రకాలకు 11.5 గ్రాముల ప్యాకెట్‌లో సగం వేసినా ఇబ్బంది లేదు. అరటిపండు వాసన రావలసిన జర్మన్ గోధుమ బీరుకు మాత్రం కొలత మించితే ఆ వాసన తగ్గవచ్చు.

అపోహ: తక్కువ బీరు కాబట్టి సమయం కూడా తక్కువే పడుతుంది.

వాస్తవం: మాష్‌కు గంట, మరగడానికి గంట, పులియడానికి రెండు వారాలు అలాగే ఉంటాయి. కలిసొచ్చేది చల్లార్చడంలోనే: సింకులో ఐసు నీళ్లు పోసి గిన్నెను అందులో దించితే ఇరవై నిమిషాల్లో ఈస్ట్ వేయవచ్చు.