ఆబ్జెక్టులు ఓస్లోలో పుట్టాయి, రికార్డు బుక్కులో ఆగాయి

భీమవరం, అమలాపురం, రాజమండ్రి, కాకినాడ... ఏ ఊరి ఇంజినీరింగ్ కాలేజీకి వెళ్ళి బీటెక్ రెండో ఏడాది కుర్రాణ్ణి ఓఓపీ (ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్, అంటే ప్రోగ్రామ్‌ని ఆబ్జెక్టులనే చిన్న చిన్న ముక్కలుగా కట్టే పద్ధతి) అంటే ఏంటని అడిగినా ఎన్‌క్యాప్సులేషన్, అబ్‌స్ట్రాక్షన్, ఇన్‌హెరిటెన్స్, పాలిమార్ఫిజం అని దాని నాలుగు సూత్రాల పేర్లు గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తాడు. అదే నరసాపురం రేవులో పంటు (బళ్ళని గోదావరి దాటించే పడవ) ఎక్కడానికి వరసలో ఉన్న బళ్ళ మీద ఒక ప్రోగ్రామ్ రాయమంటే, చాలామంది క్లాసులూ ఆబ్జెక్టులూ ఏమీ లేకుండా మెయిన్ ఫంక్షన్‌లోనే నాలుగు ఇఫ్ షరతులు పెట్టి సరిపెడతారు. పిల్లలకి తెలివి లేక కాదు, ఈ సబ్జెక్టు ఇక్కడిదాకా వచ్చిన దారి అలాంటిది.

పంటు మాట ఊరికే ఎత్తలేదు. 1960ల మొదట్లో ఓస్లోలోని నార్వే కంప్యూటింగ్ సెంటర్‌లో క్రిస్టెన్ నైగార్డ్, ఓలే యొహాన్ డాల్ అనే ఇద్దరు సిములా అనే ప్రోగ్రామింగ్ భాష మొదలుపెట్టారు. నైగార్డ్ ఆపరేషన్స్ రీసెర్చ్ మనిషి. క్యూ ఎంత పెరుగుతుంది, ఎవరు ఎంతసేపు ఆగాలి లాంటి లెక్కల్ని కంప్యూటర్‌లో నడిపించి చూడాలన్నది ఆయన కోరిక. 1965 నాటికి సిములా యూనివాక్ 1107 అనే కంప్యూటర్ మీద నడిచింది. ఆ తర్వాత వాళ్ళకి తగిలిన చిక్కుల్లో ఒకటి చూడండి: వంతెన దగ్గర టోల్ బూత్, దాని ముందు వరసలో లారీలు, బస్సులు. వరసలో నిలబడటం, ముందుకు జరగడం లారీకీ బస్సుకీ ఒకటే. మిగతావన్నీ వేరు. ఆ వరస కోడ్‌ని లారీకి ఒకసారి, బస్సుకి ఒకసారి ఎందుకు రాయాలి? అందరికీ ఉమ్మడిగా ఉన్నదాన్ని ఒక క్లాసులో (ఒక రకం ఆబ్జెక్టులన్నిటికీ అచ్చు లాంటిది) పెట్టి, దాని మీద మిగతా క్లాసులు కట్టుకుంటే పోతుంది. ఈ రోజు మనం ఇన్‌హెరిటెన్స్ అంటున్నది ఇదే. కంప్యూటర్ శాస్త్రవేత్త టోనీ హోర్ అప్పట్లో చెప్పిన రికార్డ్ క్లాస్ ఆలోచన కూడా వాళ్ళకి ఆసరా అయింది. సిములా 67లో క్లాసు, దాని మీద కట్టే సబ్‌క్లాసు, ఏ సబ్‌క్లాసుకా సబ్‌క్లాసు తన తీరులో రాసుకునే వర్చువల్ ప్రొసీజర్ మూడూ ఉన్నాయి. నైగార్డ్, డాల్ ఇద్దరికీ కంప్యూటర్ రంగంలో అతిపెద్ద గౌరవమైన ట్యూరింగ్ అవార్డు 2001కి దక్కింది.

నరసాపురం, సఖినేటిపల్లి మధ్య రేవులోనూ అదే చిక్కు: మోటారుసైకిలు, ఆటో, కారు, ఒకే వరస, వేరువేరు రేట్లు. "నీ రేటెంత?" అని వరసలో అందరినీ ఒకేలా అడిగితే ఏ బండికా బండి తన రేటు చెప్పుకోవాలి. పాలిమార్ఫిజం అంటే అంతే. ఓస్లోలో అవసరం ముందొచ్చింది, పేరు తర్వాత వచ్చింది. మన తరగతి గదుల్లో ఆ క్రమం తిరగబడింది.

ఎలా తిరగబడింది? కేంబ్రిడ్జ్‌లో పీహెచ్‌డీ చేసేటప్పుడు సిములా వాడిన బ్యార్నె స్ట్రౌస్ట్రుప్‌కి దాని పద్ధతి నచ్చింది, నెమ్మదితనం నచ్చలేదు. 1979లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో సీ అనే భాషకి క్లాసులు చేర్చడం మొదలుపెట్టాడు. 1983లో దానికి సీ ప్లస్ ప్లస్ అని పేరు పడింది, 1985లో మార్కెట్లోకి వచ్చింది. ఈలోగా జిరాక్స్ కంపెనీ పరిశోధన కేంద్రం పార్క్‌లో అలన్ కే బృందం చేసిన స్మాల్‌టాక్ అనే భాష ఉంది, ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ అన్న పేరు పెట్టింది కూడా అలన్ కేనే, కానీ అది మన సిలబస్ గడప తొక్కలేదు. మనకి ఓఓపీ సీకి చేర్పుగా వచ్చింది. మొదటి ఏడు సీ, తర్వాత సీ ప్లస్ ప్లస్. అందుకే పరీక్షలో మొదటి ప్రశ్న ఎప్పుడూ "పీఓపీకి, ఓఓపీకి తేడాలు రాయండి". పీఓపీ అంటే ప్రొసీజర్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్, సీలో రాసే పాత పద్ధతి.

ల్యాబుల సంగతి ఇంకా విచిత్రం. ప్రోగ్రాములు రాసి నడిపించుకునే బోర్లాండ్ కంపెనీ టర్బో సీ ప్లస్ ప్లస్, విండోస్‌కి ముందరి డాస్ మీద నడిచే 1990 నాటి సరుకు. సీ ప్లస్ ప్లస్‌కి అంతర్జాతీయ ప్రమాణం 1998లో గానీ రాలేదు, అంటే మన ల్యాబుల్లోది ఆ ప్రమాణం కన్నా పాతది. అయినా టర్బో సీ ప్లస్ ప్లస్ నీలం తెర చాలా ఏళ్ళు కదల్లేదు. 64 బిట్ విండోస్ దాన్ని నడపనంటే పాత డాస్‌ని అనుకరించే డాస్‌బాక్స్‌లో పెట్టి మరీ నడిపారు. వాయిడ్ మెయిన్, క్లియర్ స్క్రీన్, గెట్‌సీహెచ్ లాంటి ఆ పాత సరుకు అలవాట్లన్నీ భాషలో భాగమే అనుకుని బయటికొచ్చినవాళ్ళు ఎందరో.

1995లో సన్ మైక్రోసిస్టమ్స్ అనే కంపెనీ జావా అనే ఓఓపీ భాష విడుదల చేసింది. తమ భాష గొప్పలు చెప్పుకోడానికి ఆ కంపెనీ సింపుల్, రోబస్ట్, సెక్యూర్, పోర్టబుల్ అంటూ ఒక జాబితా రాసుకుంది. అది మన దగ్గర "జావా బజ్‌వర్డ్స్ వివరించండి" అనే ప్రశ్నగా స్థిరపడింది. ఒక కంపెనీ ప్రచారానికి మార్కులు వేయడం నాకైతే ఇప్పటికీ నవ్వొస్తుంది. వెబ్ పేజీలో నడిచే చిన్న జావా ప్రోగ్రాములైన ఆప్లెట్లదీ అదే కథ. బ్రౌజర్లు వదిలేశాయి, 2017లో జావా 9 వాటిని ఇక వాడొద్దని ప్రకటించింది. సిలబస్‌లో మాత్రం అవి చాలాకాలం కూర్చున్నాయి. జావా నిలదొక్కుకోడానికి అసలు కారణం సిద్ధాంతం కాదు, హైదరాబాద్ ఉద్యోగాలు. కాలేజీలో అర్థం కానిది అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో కోర్ జావా, అడ్వాన్స్‌డ్ జావా అని మళ్ళీ నేర్చుకునేవారు.

ఇక పరీక్ష. అది పెట్టేది కాకినాడ యూనివర్సిటీ. 1946లో విశాఖలో మొదలై కాకినాడకి తరలివచ్చిన ఇంజినీరింగ్ కాలేజీ 1972లో జేఎన్‌టీయూలో కలిసింది, 2008లో జేఎన్‌టీయూ కాకినాడ (జేఎన్‌టీయూ-కే) అనే విడి యూనివర్సిటీ అయింది. అదే రోజుల్లో ఫీజు రీయింబర్స్‌మెంట్ రావడంతో ప్రైవేటు సీట్లకి గిరాకీ పెరిగింది. గోదావరి డెల్టాలో దాని అనుబంధ కాలేజీల్లో, అటానమస్ (స్వయంప్రతిపత్తి) హోదా ఉన్నవి తప్ప మిగతా అన్నిటికీ ఒకటే సిలబస్, ఒకటే ప్రశ్నపత్రం, 70 మార్కులు. అన్ని జవాబుపత్రాలు దిద్దాలంటే నిర్వచనం దిద్దడం తేలిక, డిజైన్ దిద్దడం కష్టం. ఏ క్లాసు ఎందుకు విడదీశావు అన్న ప్రశ్నకి కీ పేపరు ఉండదు. పాలిటెక్నిక్ చదివి ఈసెట్ అనే ప్రవేశ పరీక్ష ద్వారా నేరుగా రెండో ఏడులో చేరేవాళ్ళు ఈ సబ్జెక్టు ముందరే దిగుతారు. వాళ్ళకి కంఠస్థమే దిక్కు.

2023లో చేరినవాళ్ళ నుంచి అమలైన ఆర్23 రెగ్యులేషన్‌లో (యూనివర్సిటీ కోర్సు నిబంధనలు) రెండో ఏడాది మొదటి సెమిస్టర్‌లోనే జావాతో ఓఓపీ చెబుతున్నారు. భాష మారింది. డెల్టాలో అటానమస్ హోదా వచ్చిన కాలేజీలు ప్రశ్నపత్రం తామే తయారు చేసుకుంటాయి. అక్కడ కూడా బజ్‌వర్డ్స్ ప్రశ్నే వస్తే కాకినాడ యూనివర్సిటీని తప్పుపట్టడానికి లేదు.